ఎఱ్ఱని సూర్యుడు పటములో తెల్లనగుటేల?

గత సంవత్సరము మన పాఠశాలలోని తొమ్మిదవ తరగతి విద్యార్థులు మచిలీపట్టణమునకు సమీపముననున్న మంగినపూడి సముద్రతీరమునకు విహారయాత్ర వెడలినపుడు నేనును వారితో నుంటిని. తెల్లవాఱకమునుపే మేమందఱము ఇసుకపై నిలిచి తూర్పుదిక్కు చూచుచుంటిమి. కొంతసేపటికి నీటియంచున సూర్యబింబము కుంకుమబొట్టువలె పొడచూపెను. పిల్లలు సంతోషముతో కేకలు వేసిరి. మా ఉపాధ్యాయుల చేతిఫోనులు ఒక చేతినుండి మఱియొక చేతికి మాఱుచు పదులకొలది పటములను తీసినవి.

తిరిగివచ్చిన మఱునాడు ఒక బాలిక అందొక పటమును నాయొద్దకు తెచ్చి, “మాస్టరుగారూ, మనము చూచిన సూర్యుడు ఎఱ్ఱగా నుండెను గదా! ఈ పటములో తెల్లనై, కాగితమునకు చిల్లు పడినట్లున్నాడేమి? తప్పు నాదా, ఫోనుదా?” అని అడిగెను.

ఆ ప్రశ్న నాకు క్రొత్తది కాదు. 2008వ సంవత్సరమున మా తండ్రిగారు నన్ను అదే ప్రశ్న అడిగియుండిరి. ఆనాడు నేను ఉత్తరము చెప్పలేకపోతిని. ఆ కథ కొంచెము చెప్పి, పిదప ఆ ప్రశ్నకు సమాధానమును, అట్టి తప్పు జరుగకుండ పటము తీయు విధమును ఈ వ్యాసమందు వివరింపబూనితిని.

మా తండ్రిగారు గోదావరి తూర్పుగట్టున ఒక చిన్న రేవులో పడవ నడపినవారు. ఆ కొయ్యపడవమీదనే మా కుటుంబము బ్రతికినది. ఆ పడవ సంపాదనతోనే నేను ఉపాధ్యాయ శిక్షణ ముగించి ఉద్యోగమున చేరితిని. వారికి వయసు మీఱి, చేతులలో బలము తగ్గి, 2008లో ఆ పడవను అమ్మివేయ నిశ్చయించిరి. కొన్నవారు మఱునాటి ఉదయమున తీసికొనిపోవుదురనగా, ఆ సాయంకాలము నేనొక స్నేహితుని డిజిటల్ కెమేరాను అరువు తెచ్చి, రేవులో నిలిచితిని. పడమట నీటిపై సూర్యుడు దానిమ్మపండువలె ఎఱ్ఱగా దిగుచుండెను. దానికెదురుగా పడవయు, దాని తెఱచాపకొయ్యయు, తెడ్డు పట్టుకొని నిలిచిన తండ్రిగారును ఉండిరి. నేను మీట నొక్కితిని. ఒక్కటే పటము, అది చాలుననుకొంటిని.

పటము అచ్చువేయించి తెచ్చి చూపగా, తండ్రిగారు దానిని దీపముదగ్గఱ పెట్టి చాలసేపు చూచి, “సూర్యుడేడిరా అబ్బాయి?” అని అడిగిరి. నడుమ పెద్ద తెల్లని మచ్చ యుండెను. ఆ మచ్చ తెఱచాపకొయ్య పైభాగమును, తండ్రిగారి భుజమును సగము మ్రింగివేసినది. “ఆ తెలుపే సూర్యుడు నాన్నా” అంటిని. వారు మఱేమియు ననక ఆ పటమును పెట్టెలో దాచుకొనిరి. అప్పటికి పడవ రేవునుండి పోయినది.

ఇక ప్రశ్నకు వత్తము. మధ్యాహ్నపు సూర్యబింబము నీలాకాశముకంటె లక్షలరెట్లు ప్రకాశవంతమైనది. అట్టి సూర్యుడు ఉదయాస్తమయములందు మన చూపునకు మెత్తబడుటకు కారణము గాలి. నడినెత్తిమీదనున్న సూర్యుని కాంతి మనలను చేరుటకు దాటవలసిన గాలికంటె, నేలయంచుననున్న సూర్యుని కాంతి దాటవలసిన గాలి సుమారు 38 రెట్లు అధికము. ఆ దారిలో గాలియణువులు కాంతిని నలుదెసలకు చెదరగొట్టును. అన్ని రంగులను సమానముగా చెదరగొట్టవు. తరువాతికాలమున లార్డు రేలీ యని ప్రసిద్ధిగాంచిన ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1871లో దీని సూత్రమును చూపెను. తరంగము ఎంత పొట్టిదైన చెదరుట అంత యెక్కువ. అదియు తరంగ దైర్ఘ్యముయొక్క నాలుగవ ఘాతమును బట్టి హెచ్చును. 450 నానోమీటర్ల నీలకాంతి 650 నానోమీటర్ల ఎఱ్ఱకాంతికంటె నాలుగురెట్లకు మించి చెదరును. నీలము దారిలోనే చెదరిపోగా, మిగిలి మనలను చేరునది ఎక్కువగా ఎఱుపు. పగటివేళ ఆకాశము నీలమగుటకును, సంధ్యవేళ సూర్యుడు ఎఱ్ఱనగుటకును కారణ మొక్కటే.

అయితే, ఆ ఎఱ్ఱని సూర్యుడు సైతము చుట్టునున్న నేలకంటెను నీటికంటెను ఎన్నోరెట్లు వెలుగు గలవాడే. ఈ భేదమును మన కన్ను సహించునట్లు కెమేరా సహింపలేదు. మన కంటిపాప వెలుతురునుబట్టి ముడుచుకొనుచు విచ్చుకొనుచు నుండును. మనము సూర్యునివైపు ఒక చూపు, పడవవైపు ఒక చూపు, నీటివైపు ఒక చూపు సారింతుము. ఆ చూపులనన్నింటిని మనస్సు ఒక్క దృశ్యముగా కూర్చును. కెమేరా అట్లుగాక, ఒకే తూటిని ఒకే కాలముపాటు తెఱచి, సూర్యునికిని పడవకును ఒకే కొలతతో వెలుతురును లోనికి విడచును.

ఆ వెలుతురు కొలతను ఛాయాగ్రాహకులు మెట్లలో లెక్కింతురు. వాటికి స్టాపులని పేరు. ఒక్కొక్క స్టాపునకు వెలుతురు రెట్టింపగును. 10 స్టాపులనగా 1,024 రెట్లు. 14 స్టాపులనగా 16,384 రెట్లు. మేలైన డిజిటల్ కెమేరా సుమారు 12 మొదలు 14 స్టాపుల భేదమును ఒక్క పటములో పట్టగలదు. అచ్చుకాగితము పట్టగలిగినది అంతకంటె చాల తక్కువ. సూర్యుడును, నీడలోనున్న పడవ ప్రక్కయు ఒక్క పటములో చేరినపుడు వారి భేదము ఈ మేరను సులభముగా దాటును. అప్పుడు ఒకదానిని విడువక తప్పదు. దేనిని విడువవలయునో మీరు నిర్ణయింపకున్న కెమేరాయే నిర్ణయించును. దాని నిర్ణయము తఱచుగా మీకిష్టమైనది కాదు.

సూర్యుడు తెల్లనగుట యెట్లో చూతము. డిజిటల్ కెమేరాలో కాంతిని పట్టు పలక సెన్సారు. దానిమీద లక్షలకొలది సూక్ష్మమైన గడులుండును. ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థయందలి బ్రైస్ బేయర్ రూపొందించి 1976లో పేటెంటు పొందిన పద్ధతిచొప్పున, ఈ గడులలో సగమునకు ఆకుపచ్చ వడపోతయు, నాలుగవవంతునకు ఎఱుపు వడపోతయు, మిగిలిన నాలుగవవంతునకు నీలపు వడపోతయు అమర్తురు. ఈ మూడు రంగుల పాళ్లనుబట్టియే కెమేరా అన్ని రంగులను లెక్కగట్టును.

వానకాలమున మీ ఇంటి చూరుక్రింద మూడు సమానమైన కుండలు పెట్టితిరనుకొనుడు. ఎఱుపు కుండమీద లావుధారయు, ఆకుపచ్చ కుండమీద నడితరపు ధారయు, నీలపు కుండమీద సన్నధారయు పడుచున్నది. సంధ్యాసూర్యుని కాంతి యిట్టిదే. కొంచెముసేపటికే కుండలను తీసి చూచితిరేని, ఎఱుపు కుండ ముప్పాతికవఱకు, ఆకుపచ్చ కుండ పాతికవఱకు నిండి, నీలపు కుండలో అడుగుతడి మాత్రముండును. ఏ ధార ఎంత లావైనదో చెప్పవచ్చును. అనగా సూర్యుడు ఎఱ్ఱనివాడని తెలియును. ఇంకను తీయకుంటిరేని ఎఱుపు కుండ నిండి పొర్లిపోవును. పొర్లిన నీటికి లెక్కలేదు. అంతలో ఆకుపచ్చ కుండయు నిండును. ఎఱ్ఱకాంతియు పచ్చకాంతియు సమముగా కలిసిన పసుపగును. కావున సూర్యుడు పసుపుగా కన్పట్టును. ఇంకను ఆలసించితిరేని నీలపు కుండయు నిండును. మూడును సమముగా నిండినపుడు కెమేరా లెక్కలో అది తెలుపే. మూడు కుండలును నిండినవనుట తప్ప, ఏ ధార యెంతటిదో ఇక చెప్పుట యెవరితరము?

ఆ బాలిక పటమును పరిశీలించితిని. నడుమ తెలుపు, దానిచుట్టు పసుపుపచ్చని వలయము, దానికావల నారింజవన్నె ఉండెను. మూడు కుండలు నిండినచోటు, రెండు నిండినచోటు, ఒక్కటే నిండినచోటు ఆ వలయములలో వరుసగా చదువుకొనవచ్చును. కావున తప్పు సూర్యునిది కాదు, ఫోనుదియు కాదు. కుండలను ఆలస్యముగా తీసిన మనది. దీనికే అతి ఎక్స్‌పోజరు అని పేరు.

ఇట్టి చిక్కు నేటిది కాదు. పారిస్ నగరమున ఫిజో, ఫూకో అను శాస్త్రజ్ఞులు 1845వ సంవత్సరము ఏప్రిల్ 2వ తేదీన వెండిపూత పలకమీద సూర్యుని పటమును తీసిరి. వారు వెలుతురును లోనికి విడచినది సెకనులో 60వ వంతు మాత్రమే. ఆ పటములో సూర్యునిమీది మచ్చలు సైతము కన్పట్టినవి. సూర్యుడు పటమునకు లొంగనివాడు కాడనియు, వానికి కావలసినది మిక్కిలి కొద్దిపాటి కాలమే యనియు దీనివలన తెలియుచున్నది. చిక్కు అంతయు వానితోపాటు నేలను, నీటిని చూపవలెనన్నపుడే.

ఆ చిక్కును ఫ్రాన్సు దేశపు ఛాయాగ్రాహకుడు గుస్తావ్ లె గ్రే 1856, 1857 సంవత్సరముల ప్రాంతమున ఒక ఉపాయముతో దాటెను. ఆకాశమునకు సరిపడు వెలుతురుతో ఒక గాజుపలకను, సముద్రమునకు సరిపడు వెలుతురుతో మఱియొక పలకను తీసి, రెండింటిని ఒకే కాగితముపై అచ్చువేసెను. అమెరికా దేశపు ఛాయాగ్రాహకుడు ఆన్సెల్ ఆడమ్స్ 1939లో తీసిన యొక పటములో ఇంతకంటె వింత జరిగినది. సూర్యునిచోట ఫిల్ముపై పడిన వెలుతురు హద్దు మీఱి, దాని గుణము తలక్రిందులై, పటములో సూర్యుడు నల్లగా వచ్చెను. ఆయన దానిని దాచక ‘నల్ల సూర్యుడు’ అను పేరుతోనే ప్రకటించెను. అంతటి నిపుణుని చేతిలోను సూర్యుడు తన నియమమును తప్పడని మనము గ్రహింపవలయును.

ఇక్కడ ఒక భేదమును గుర్తుంచుకొనుడు. పూర్వము వాడుచుండిన నెగెటివ్ ఫిల్ము మితిమీఱిన వెలుతురును కొంతవఱకు ఓర్చుకొనును. అందు శాశ్వతముగా పోవునది తఱచుగా చీకటిలోని వివరము. డిజిటల్ సెన్సారు సంగతి దీనికి విరుద్ధము. అందు చీకటిగా పడిన భాగమునుండి తరువాత కంప్యూటరుమీద కొంత వివరమును వెలికి తీయవచ్చును. కొంత గరుకుదనము మాత్రము వచ్చును. తెల్లబడిపోయిన భాగమునుండి తీయుటకు ఏమియు ఉండదు. కావున డిజిటల్ కెమేరాతో సూర్యుని తీయువారికి ప్రధానసూత్ర మొక్కటే: వెలుతురును కాపాడుడు, చీకటిని గుఱించి పిమ్మట విచారింపవచ్చును.

పద్ధతులు చెప్పుటకు ముందు ఒక హెచ్చరిక చేయుట నా విధి. కంటివెనుక నుండు రెటీనాకు నొప్పి తెలియదు. సూర్యకాంతిచే అది కాలుచున్నను మనకు బాధ తోచదు; కొన్ని గంటల తరువాత చూపునడుమ మచ్చ ఏర్పడినపుడు గాని తెలియదు. ఆ మచ్చ కొందఱికి శాశ్వతముగా నిలిచిపోవును. సూర్యుడు ఎఱ్ఱగా నున్నాడుగదా యని తదేకముగా చూడరాదు. ముఖ్యముగా కెమేరాకుగల గాజుకిటికీలోనుండి, అందును దూరమును దగ్గఱచేయు పొడుగు లెన్సు తగిలించి, సూర్యుని ఎన్నడును చూడరాదు. భూతద్దము ఎండను ఒకచోట చేర్చి కాగితమును కాల్చుట మీరు ప్రయోగశాలలో చూచినదే. ఆ లెన్సును అట్టిదే. పూర్వపు కొన్ని కెమేరాలలోని బట్టతెఱలు సూర్యునివైపు తిప్పి యుంచుటచే కాలి చిల్లులు పడినవి. ఫోనుమీద గాని, కెమేరా వెనుకనున్న తెఱమీద గాని చూచుచు పటము తీయుట క్షేమకరము. సూర్యుడు పైకెక్కి, చూపునకు మిఱుమిట్లు గొలుపుట మొదలుకాగానే పని ముగించి కెమేరాను ప్రక్కకు త్రిప్పుడు. పోయిన పటమునకు రేపున్నది. పోయిన కంటికి లేదు.

ఇక పటము తీయు విధము.

మొదటిది, ముందుగా చేరుట. ఆకాశములో సూర్యబింబపు వెడల్పు సుమారు అరడిగ్రీ. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగును. కావున మన ప్రాంతమున సూర్యుని అడుగుఅంచు నేలను తాకినది మొదలు బింబమంతయు మునుగువఱకు రెండు నిమిషములకు కొంచెము పైగా మాత్రమే పట్టును. అంతకుముందే స్థలమును, ఎదురుగా నిలుపవలసిన చెట్టునో పడవనో ఎంచుకొని సిద్ధముగా నుండవలయును. అరగంట ముందు చేరువాడు తొందరపడడు. తొందరపడనివాడు తప్పులు తక్కువ చేయును.

రెండవది, వెలుతురును సరియైనచోట కొలుచుట. ప్రతి కెమేరాలోను వెలుతురును కొలుచు మీటరుండును. తన యెదుటనున్న దృశ్యము మొత్తముమీద నడితరపు బూడిదవన్నె గలదని అది తలంచును. నా పటములో ఎక్కువభాగము చీకటి గట్టును, నల్లని పడవయు నిండియుండెను. దృశ్యమంతయు చీకటియని తలంచి కెమేరా ఎక్కువ వెలుతురును విడచినది; సూర్యుడు తెల్లబడినాడు. సూర్యుని సరిగా నడుమ నుంచి కొలిచిన దీనికి విరుద్ధమై, ఆకాశముకూడ రాత్రివలె నల్లబడవచ్చును. ఈ రెంటికి నడుమనున్న మార్గమిది: సూర్యుడు తెఱలో లేకుండ కెమేరాను కొంచెము ప్రక్కకు త్రిప్పి, సూర్యునికి దగ్గఱనున్న వెలుగుటాకాశమును మాత్రము కొలువుడు. ఆ కొలతను బిగించి, పిమ్మట కెమేరాను మీరు కోరిన దృశ్యమువైపు త్రిప్పుడు. చాల ఫోనులలో తెఱపై ఆ వెలుగుభాగమును వ్రేలితో తాకి కొంతసేపు అదిమిపట్టిన కొలత బిగిసిపోవును. పిదప ప్రక్కన కనబడు సూర్యునిగుర్తును క్రిందికి జరిపిన వెలుతురు తగ్గును.

మూడవది, అవసరమైనంత తగ్గించుట. చేతితో కొలతలు అమర్చుకొనగల కెమేరా యున్నవారు ఐఎస్ఓ 100, ఎపర్చరు ఎఫ్ 8, షట్టరు సెకనులో 250వ వంతు అని ఆరంభింపవచ్చును. పటము చూచి, సూర్యుడింకను తెల్లగానున్న 500వ వంతునకు, పిమ్మట 1,000వ వంతునకు తగ్గించుకొనవలయును. ఇవి ఆరంభమునకు పనికివచ్చు అంకెలే గాని నియమములు కావు. ఆనాటి మబ్బు, పొగమంచు, దుమ్ము వీటినిబట్టి మాఱుచుండును. చాల కెమేరాలలో మితిమీఱి తెల్లబడినచోట్లు తెఱపై మినుకుమినుకుమని ఆఱి వెలుగునట్లు చేయు ఏర్పాటు కలదు. దానిని తప్పక వాడుడు. సూర్యునినడుమ చిన్న చుక్క మినుకుమన్నను నష్టములేదు. చుట్టునున్న ఆకాశము మినుకుమనరాదు.

నాల్గవది, సూర్యుని మెత్తబడనిచ్చుట. బింబము నేలయంచునకు దిగుకొలది దాని కాంతి తగ్గును. తేమయో మంచుతెఱయో ఉన్ననాడు మఱింత తగ్గును. పలుచని మబ్బు అడ్డుపడినను మేలే. అదియు లేకున్న తాటిమ్రాను వెనుకనో, తెఱచాప వెనుకనో సూర్యుడు సగము దాగునట్లు మీరే ఒక అడుగు ప్రక్కకు జరుగవచ్చును. ఖర్చులేని ఉపాయములలో ఇది ఉత్తమమైనది.

ఐదవది, నీడరూపమును ఎంచుకొనుట. వెలుతురును కాపాడినపుడు ఎదుటనున్న వస్తువులు నల్లని నీడలుగా వచ్చును. దీనిని లోపమనుకొనక గుణముగా మలచుకొనుడు. ఆకృతిచేతనే గుర్తింపదగినవానిని ఎన్నుకొనవలయును: తాటిచెట్టు, తెడ్డు వేయు మనిషి, వల విసరు జాలరి, కొంగ. ఒకదానిమీద ఒకటి పడిన రెండు రూపములు నల్లని ముద్దగా కనబడును గావున వాటినడుమ సందు వెలుగునట్లు నిలువుడు.

ఆఱవది, ఒకటికి మూడు తీయుట. మీరు తగినదనుకొన్న కొలతతో ఒకటి, దానికి రెండు స్టాపులు తక్కువగా ఒకటి, రెండు స్టాపులు ఎక్కువగా ఒకటి తీయుడు. మూటిలో మేలైనదానిని ఉంచుకొనవచ్చును. లేదా కెమేరాను కదలనీయక పీటపై నిలిపి తీసినచో, లె గ్రే చేసినట్లే వాటిని కంప్యూటరుమీద ఒక్కటిగా కూర్పవచ్చును. ఈ కాలపు ఫోనులు పెక్కు ఈ పనిని తమంతట తామే చేయును. అయినను అలయు, ఊగుచున్న పడవయు ఒక పటమునుండి మఱియొక పటమునకు స్థలము మాఱును గావున కూర్పులో చెదరినట్లు కనబడవచ్చును. ‘రా’ అను మూలరూపమున పటమును దాచగల కెమేరా యున్నవారు అట్లే దాచుట మంచిది; అందు వివరము ఎక్కువగా నిలుచును.

ఏడవది, రంగును కాపాడుట. కెమేరా దృశ్యములోని ఎఱుపును దోషమని తలంచి తనంతట తాను సరిదిద్ద జూచును. రంగుల అమరికను ‘ఎండ’ యను గుర్తువద్ద నిలిపిన సంధ్యారాగము చాలవఱకు ఉన్నదున్నట్లు వచ్చును. లెన్సును మెత్తని బట్టతో తుడువుట మఱవకుడు. వ్రేలిజిడ్డు అంటిన గాజుమీద సూర్యకాంతి పడిన, పటమంతట తెల్లని ముసుగు వ్యాపించును. లెన్సుముందు అదనపు గాజువడపోత యున్న తీసివేయుడు. లేనిచో సూర్యుని ప్రతిబింబము లేనిపోని మచ్చగా పటములో చేరును.

ఇంకొక సందేహము. “సూర్యుడు కంటికంత పెద్దగా కనబడి పటములో ఆవగింజంత యుండుటేల?” అని మీరడుగుదురు. లెన్సు నాభ్యంతరమును సుమారు 107చే భాగించిన వచ్చునదే సెన్సారుపై సూర్యుని వెడల్పు. 50 మిల్లీమీటర్ల లెన్సుతో అరమిల్లీమీటరైన రాదు. 400 మిల్లీమీటర్ల లెన్సుతో సుమారు మూడున్నర మొదలు నాలుగు మిల్లీమీటర్లు వచ్చును. తెల్లబడిన పటములో సూర్యుడు పెద్దగా కన్పట్టుటయు మోసమే. అది బింబము కాదు, పొర్లిన వెలుతురు. సరిగా తీసిన పటములో సూర్యుడు చిన్నవాడైనను గుండ్రని వాడు.

సూర్యుడు మునుగగానే కెమేరాను సంచిలో పెట్టకుడు. మన ప్రాంతమున అటుపిమ్మట సుమారు 22 నిమిషములవఱకు ఆకాశమున తగిన వెలుతురుండును. అప్పుడు మబ్బులు క్రిందినుండి వెలుగుపొంది ఎఱుపు, నారింజ, ఊదావన్నెలను దాల్చును. తెల్లబడజేయు బింబము ఎదుట లేదు గావున ఆకాశమునకును నీటికిని భేదము తగ్గి, రెండును ఒక్క పటములో సులభముగా ఇముడును. క్రొత్తగా నేర్చువారు ఇక్కడినుండియే మొదలుపెట్టుట మేలు.

ఈ సంగతులను నేను నేర్చిన కొన్ని సంవత్సరములకు, మఱల అదే రేవులో, అదే వేళకు నిలిచి పటములు తీసితిని. సూర్యుడు ఎఱ్ఱగా, గుండ్రముగా, అంచు చెదరక వచ్చెను. మేలైన పటమును తండ్రిగారికి చూపితిని. వారు చూచి సంతోషించి, “సూర్యుడు దొరికినాడురా. పడవే లేదు” అనిరి. ఆ మాటలో నింద లేదు. అయినను నేను దానిని మఱవలేదు. సూర్యుడు మఱునాడును వచ్చువాడు; నేను ఆనాడు మూడు పటములు తీసియుండిన, కొలతను ఒక్కమాఱు తగ్గించియుండిన, పడవయు తండ్రిగారి భుజమును నాకు మిగిలియుండెడివి.

ఆ బాలికకు ఈ కుండల లెక్కయంతయు చెప్పి, “తప్పు నీది కాదమ్మా, నీకెవ్వరును చెప్పకపోవుటయే తప్పు” అంటిని. ఆమె మఱుసటివారమే తమ మేడమీదినుండి తీసిన పటమొకటి తెచ్చినది. అందు కొబ్బరియాకు వెనుక సూర్యుడు ఎఱ్ఱగానే ఉన్నాడు. మేడపిట్టగోడపై కూర్చున్న వాళ్ల నాయనమ్మ నీడరూపముకూడ చక్కగా గుర్తుపట్టునట్లున్నది.

విద్యార్థులారా! మీరును ఈ సెలవులలో ప్రయత్నించి, మీరు తీసిన పటములను పాఠశాల తెఱచిన పిమ్మట నాయొద్దకు తెండు. తెల్లబడినవానిని సిగ్గుపడి చెఱిపివేయక తెండు. ఏ కుండ ఎక్కడ నిండినదో కలిసి చూతము.